1962లో పీయూసీ కుర్రాడు: మీ నవలకి కొన్ని సవరణలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 1962లో కోస్తా జిల్లాలో ఒక చిన్న ఊరి కాలేజీలో చేరిన కుర్రాడి మొదటి ఏడాది మీద నవల రాస్తున్నారు. అందులో ర్యాగింగ్, ఫ్రెషర్స్ పార్టీ, కల్చరల్ ఫెస్ట్, ఒక ప్రేమ వ్యవహారం పెట్టుకున్నారు. ఇవి అప్పట్లో ఉండేవా, సాంస్కృతిక కార్యక్రమాలు ఎలా జరిగేవి అని అడిగారు.

నేను సరిగ్గా ఆ ఏడాదే కృష్ణా డెల్టాలో అలాంటి కాలేజీలో చేరాను. తర్వాత రిటైరయ్యేదాకా అలాంటి కాలేజీల్లోనే తెలుగు చెప్పాను. కాబట్టి కాస్త చనువుగా చెబుతాను. ర్యాగింగ్‌కి మూడు అధ్యాయాలు ఇచ్చానన్నారు. వాటిని ఒక పేజీకి కుదించండి. ఆ జాగా అంతా ఇంగ్లీషుకివ్వండి. ఆ రోజుల్లో పల్లె నుంచి వచ్చిన కుర్రాణ్ణి భయపెట్టింది సీనియర్లు కాదు, క్లాసులో వినబడే భాష. వాడికి మళ్ళీ నోరు వచ్చింది కాలేజీ స్టేజీ మీద. మీరు అడిగిన సాంస్కృతిక కార్యక్రమాల అసలు కథ అక్కడుంది.

ముందు చదువు సంగతి. మీ కుర్రాడు చేరింది 'ఇంటర్ ఫస్టియర్'లో కాదు. పాత రెండేళ్ళ ఇంటర్మీడియట్ 1950ల రెండో సగంలోనే పోయింది. హైస్కూలు చివరి పరీక్ష ఎస్సెస్సెల్సీ పాసయ్యాక ఒక్క ఏడాది పీయూసీ, అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు, ఆపైన మూడేళ్ళ డిగ్రీ. రెండేళ్ళ ఇంటర్ మళ్ళీ వచ్చింది 1969లో. అంటే మధ్యలో పదేళ్ళకు పైగా మా తరం వాళ్ళకి కాలేజీలో కుదురుకోవడానికి ఒకే ఒక్క ఏడాది దొరికింది. జులైలో చేరితే మార్చిలో యూనివర్సిటీ పరీక్ష. కృష్ణా, గుంటూరు కాలేజీలు అప్పటికి ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి. నాగార్జున యూనివర్సిటీ 1976 దాకా లేదు. కథ నెల్లూరు, కావలి వైపు జరిగితే మాత్రం వెంకటేశ్వర యూనివర్సిటీ అని రాయండి.

స్కూల్లో అన్నీ తెలుగులోనే చదివాం. ఆమ్లజని, ఉదజని, లంబకోణ త్రిభుజం. కాలేజీలో మొదటి రోజు కెమిస్ట్రీ లెక్చరర్ కోటు వేసుకుని వచ్చి గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడి వెళ్ళిపోయారు. పక్కవాడు నోట్సు రాసుకుంటుంటే వాడి పుస్తకంలోకి చూస్తే వాడూ నాలాగే బోర్డు మీది ఫార్ములాలు దించుకుంటున్నాడు తప్ప ఇంకేమీ లేదు. హాజరు నంబరుతో పిలుస్తారు. ఊళ్ళో పేరు పెట్టి, ఇంటిపేరు పెట్టి, తాత పేరు చెప్పి పిలిపించుకున్నవాడికి హఠాత్తుగా నంబరు వస్తుంది. డౌటు అడగాలంటే ఇంగ్లీషులో అడగాలి. అడిగేటప్పుడు తప్పు వస్తే ముందు బెంచీల్లో అమ్మాయిలుంటారు. అందుకని ఎవడూ అడగడు. మా లెక్చరర్లు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళలో కొందరు సాయంత్రం గదికి వెళితే అదే పాఠం తెలుగులో చక్కగా చెప్పేవారు. క్లాసులో చెప్పకూడదు, అంతే. ఆర్ట్స్ గ్రూపువాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. సైన్సుకి కనీసం ఫార్ములా ఉంటుంది, హిస్టరీకి ఏముంటుంది? సీనియర్ల నోట్సు సంపాదించి బట్టీ పట్టడమే.

ఈ పరిస్థితిలో తెలుగు పీరియడు వచ్చిందంటే హాలుకి ప్రాణం వచ్చేది. పంచె, లాల్చీ, కండువాతో మాస్టారు వచ్చి ఒక పద్యం ఎత్తుకునేసరికి వెనక బెంచీల్లోంచి కూడా 'వన్స్ మోర్' అనేవాళ్ళు. పద్యానికి వన్స్ మోర్ అడగడం ఇవాళ్టి పిల్లలకి వింతగా ఉండవచ్చు. అప్పట్లో నాటకాల అలవాటు అది.

ర్యాగింగ్ సంగతి. ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీల్లో ఉండేది, కొన్నిచోట్ల మోటుగానే ఉండేది. మా రాష్ట్రంలో దాన్ని నిషేధిస్తూ చట్టం 1997లో గానీ రాలేదు. కానీ చిన్న ఊరి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో సీనియర్లు అంటే ఎవరు? పక్క ఊరివాళ్ళు, మేనమామ వరసవాళ్ళు, అన్నయ్య క్లాస్‌మేట్లు. ఎక్కువ చేస్తే ఆదివారం నాటికి ఇంటికి కబురు వెళ్ళిపోతుంది. పాట పాడమనడం, తన లెక్చరర్ నడక నడిచి చూపించమనడం, టీ కొట్లో బిల్లు కట్టించుకోవడం, నేను చూసింది ఇంతవరకే. ఫ్రెషర్స్ పార్టీ మాట తీసేయండి. ఎక్కడైనా చేస్తే దాన్ని 'స్వాగత సభ' అనేవారు. ప్రిన్సిపాల్ మాట్లాడతారు, యూనియన్ ప్రెసిడెంటు మాట్లాడతాడు, లడ్డూ, కారప్పూస పొట్లం ఇస్తారు, అయిపోయింది.

మీ కుర్రాడి బస గురించి మీరేమీ రాయలేదు. అది ముఖ్యం. కాలేజీ హాస్టలు ఉన్నా సీట్లు తక్కువ, మెస్ బిల్లు ఎక్కువ. చాలామంది ఇద్దరు ముగ్గురు కలిసి ఊళ్ళో గది అద్దెకు తీసుకుని కిరసనాయిలు స్టవ్ మీద వండుకునేవారు. దగ్గర పల్లెల వాళ్ళకి పొద్దున్నే బస్సులో క్యారేజీ వచ్చేది. బస్టాండులో వరసగా దించిన క్యారేజీల్లో ఎవరిది ఏదో గుర్తుపట్టడానికి మూతల మీద పేర్లు చెక్కించేవారు, లేదంటే గుడ్డ పీలికలు కట్టేవారు. ఇక కులం పేరుతో నడిచే హాస్టళ్ళు. వీటిని వదిలేసి ఆ కాలం గురించి రాస్తే నవల సగం అబద్ధమవుతుంది. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లోనే పెట్టారు. కోస్తా పట్నాల్లోనూ దాదాపు ప్రతి పెద్ద కులానికీ ఒక హాస్టలు ఉండేది. చదువుకోలేని పిల్లలకి తిండి పెట్టి చదివించాయి, అది నిజం. యూనియన్ ఎన్నికలొచ్చేసరికి ఓట్లు గంపగుత్తగా పడేది కూడా అక్కడి నుంచే. దళిత విద్యార్థులకి ప్రభుత్వ హాస్టలు వేరే ఉండేది, అది సాధారణంగా ఊరికి ఓ చివర ఉండేది. ఆ విషయం గురించి ఎవరూ ఏమీ అనుకోనట్టే ఉండేవారు.

బట్టల్లో ఒక మార్పు చేయండి. మీ కుర్రాడు మొదటి రోజు టెరిలిన్ ప్యాంటు, గాగుల్స్‌తో దిగాడు. అది మోతుబరి కొడుకైతే సరే. మామూలు రైతు బిడ్డ నిక్కరు వదిలి పైజామాలోకో పంచెలోకో వచ్చి ఉంటాడు. మొదటి ప్యాంటు కాలేజీలో చేరాక, దసరా సెలవుల నాటికి కుట్టించుకుంటాడు. డబ్బు లెక్కల్లో కూడా జాగ్రత్త. కొత్త పైసలు 1957 ఏప్రిల్లోనే వచ్చినా, 1962లో కూడా జనం నోట అణా, బేడ, పావలాలే ఆడేవి.

అమ్మాయిల సంగతి. మా పీయూసీ సెక్షన్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వాళ్ళకి వేరే వెయిటింగ్ రూము ఉండేది. గంట కొట్టాక లెక్చరర్ వెనకాల క్లాసులోకి వచ్చి, పాఠం కాగానే లెక్చరర్ వెనకాలే వెళ్ళిపోయేవారు. మీ నాయికా నాయకులు క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ సీను జరగదు. లైబ్రరీ పుస్తకంలో చీటీ పెట్టొచ్చు. అదీ దొరికితే ప్రిన్సిపాల్ గదికి వెళ్తుంది, అక్కడి నుంచి నాన్నగారికి. ప్రేమలు లేవని కాదు. ఉండేవి, కానీ చాలావరకు ఒక్క మనిషి మనసులోనే మొదలై అక్కడే అయిపోయేవి.

ఇప్పుడు సభలు, నాటకాలు. దీనికి ముందు ఒకటి చెప్పాలి. ఆ చిన్న కాలేజీలన్నీ ఊళ్ళు కట్టుకున్నవి. భీమవరంలో 1945లో, గుడివాడలో 1950లో, కావలిలో 1951లో వచ్చాయి. స్వాతంత్ర్యం అటూ ఇటూగా ప్రతి తాలూకా కేంద్రంలోనూ పెద్దలు కమిటీ వేసుకుని, రైతుల దగ్గర, రైస్ మిల్లర్ల దగ్గర, వ్యాపారుల దగ్గర చందాలు వసూలు చేసి కాలేజీ తెచ్చుకున్నారు. గుడివాడ కాలేజీకి అక్కినేని నాగేశ్వరరావు భారీ విరాళమిచ్చారు, ఇప్పటికీ ఆయన పేరే దానికి. ఎకరానికి ఇంత అని ధాన్యం ఇచ్చిన రైతు కాలేజీని తనదనే అనుకుంటాడు. అందుకని కాలేజీ డే అంటే విద్యార్థుల పండగ మాత్రమే కాదు. బళ్ళు కట్టుకుని పల్లెల నుంచి వచ్చేవారు. ముందు వరస కుర్చీల్లో కమిటీ మెంబర్లు, వాళ్ళ వెనక లెక్చరర్ల కుటుంబాలు, పక్కగా ఆడవాళ్ళకి వేరే చోటు, చాపల మీద విద్యార్థులు, ప్రహరీ గోడ మీద ఊరు. నాటకం బాగోకపోతే గోడ మీది వాళ్ళే ముందు లేచి వెళ్ళిపోయేవారు. వాళ్ళని నిలబెట్టడం మాకు యూనివర్సిటీ పరీక్షకన్నా కష్టం.

ఏడాది క్రమం ఇలా ఉండేది. ఆగస్టులో యూనియన్ ఎన్నికలు. తర్వాత యూనియన్ ప్రారంభోత్సవం, దాని వెంట తెలుగు అసోసియేషన్, ఇంగ్లీష్ అసోసియేషన్, సైన్స్ అసోసియేషన్, ఫైన్ ఆర్ట్స్ అసోసియేషన్, ఒక్కోదానికి ఒక్కో ప్రారంభం, ఒక్కో ముఖ్య అతిథి. ఇంగ్లీష్ అసోసియేషన్ మీటింగుకి హాలు సగం ఖాళీ. తెలుగు అసోసియేషన్‌కి కిటికీలు కూడా నిండేవి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో కరుణశ్రీ పాఠాలు చెప్పేవారు, విశ్వనాథ సత్యనారాయణ బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇలాంటి కవులు ఒక రాత్రి బస్సు దూరంలో ఉండేవారు. పిలిస్తే వచ్చేవారు, దారి ఖర్చులు, ఒక శాలువా చాలు. పద్యమా వచన కవితా అన్న గొడవ అప్పుడు జోరుగా ఉండేది. మీ కుర్రాడి చేత అలాంటి సభలో శ్రీశ్రీ పక్షం నిలబెట్టించండి, మాస్టారి చేత చివాట్లు తినిపించండి. అష్టావధానం పెట్టిన సాయంత్రం ఇంకా మంచి సీను: పృచ్ఛకుల్లో ఒకరు సీనియర్ విద్యార్థి, గంట కొట్టి లెక్క పెట్టుకునే పని పీయూసీ వాడికి. ఎప్పుడో ఒకసారి గంట మోగుతుంది, అవధాని గారు పద్యం చెబుతున్నా చివర్లో మొత్తం ఎన్నో చెప్పాలి. ఆ లెక్క వీడి దగ్గర తప్పితే?

వక్తృత్వ పోటీలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. పీయూసీ వాడి నోరు మొదట తెరుచుకునేది ఇక్కడే. మూడు నెలలు క్లాసులో 'ప్రెజెంట్ సార్' తప్ప ఏమీ అనని మా సెక్షన్ కుర్రాడొకడు వరకట్నం మీద పది నిమిషాలు తెలుగులో దంచేశాడు. అంతవరకు వాడి పేరు కూడా మాకు తెలియదు. మర్నాటి నుంచి సీనియర్లు భుజం మీద చెయ్యేసి టీకి తీసుకెళ్ళారు. ఫైన్ ఆర్ట్స్ సెక్రటరీ నాటకంలో వేషం ఇస్తానన్నాడు. చిన్న కాలేజీలో ఎక్కడానికి అదే మెట్టు.

ఇక కాలేజీ డే నాటకం. ఫిబ్రవరిలో జరిగేది, రిహార్సల్స్ సంక్రాంతి సెలవులు కాగానే మొదలు. ఏం వేయాలన్న దగ్గరే తగాదా. కమిటీ పెద్దలకి పద్యనాటకం కావాలి, కృష్ణుడూ హార్మోనియమూ ఉండాలి. డిగ్రీ వాళ్ళకి సాంఘిక ఏకాంకిక కావాలి. నిరుద్యోగం, కట్నం, గుమస్తా బతుకు. ఏకాంకికల జోరుకు కారణం ఉంది. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టాక పోటీల సంప్రదాయం పెరిగింది, పోటీకి నిడివి, పాత్రలు తక్కువగా ఉండాలి. చిన్న కాలేజీకి అది ఖర్చు విషయంలోనూ కలిసొచ్చింది: ఒకటే సెట్టు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక క్యాలెండరు. రాజీగా చివరికి రెండూ వేసేవారు. ముందు ఏకాంకిక, తర్వాత పద్యనాటకంలో ఒక రంగం, మధ్యలో అమ్మాయిల కోలాటమో, నృత్యమో.

కన్యాశుల్కం పూర్తిగా వేయడం ఎవరి వల్లా కాదు, రాత్రంతా చాలదు. గిరీశం ఉన్న రంగాలు ఒకటో రెండో తీసుకునేవారు. ఆ ఏడాది మావాళ్ళు అదే వేశారు. గిరీశం నోట ఇంగ్లీషు ముక్క పడ్డప్పుడల్లా చాపల మీద పీయూసీ బ్యాచ్ అంతా విరగబడి నవ్వింది. వాళ్ళని ఏడు నెలలు ఏడిపించిన భాష అది మరి. ముందు వరసలో ఇంగ్లీష్ లెక్చరర్ కూడా నవ్వారు. మీ నవలకి క్లైమాక్సు కావాలంటే ఆ రాత్రిని తీసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఆడవేషాలు మగపిల్లలవే. అమ్మాయిలు మగపిల్లలతో కలిసి నటించడానికి మా ప్రిన్సిపాల్ ఒప్పుకునే ప్రశ్నే లేదు. సన్నగా ఉండి, మీసం సరిగ్గా రానివాడు పీయూసీలోనే దొరుకుతాడు, అందుకని మొదటి ఏడాది వాడికి వచ్చేది చాలావరకు ఆడవేషమే. దాన్ని ఇప్పటి కళ్ళతో చూసి అవమానం కింద రాయకండి. స్థానం నరసింహారావు ఆడవేషాలతోనే ఆంధ్రదేశాన్ని ఊపేశారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. మా తాతల తరానికి అది గొప్ప విద్య. వెక్కిరింపులు ఉండేవి, కానీ వేషం నిలబెట్టాడంటే ఏడాది పొడుగునా పాత్ర పేరుతోనే పిలిచేవారు, వాడూ పలికేవాడు. చీరలు లెక్చరర్ల ఇళ్ళ నుంచి తేవాలి. జరీ చీర మీద రంగు పడితే ఎవరు జవాబు చెబుతారన్నది ఫైన్ ఆర్ట్స్ సెక్రటరీకి నాటకం మొత్తంలో పెద్ద టెన్షన్.

తెరలు, కిరీటాలు, విగ్గులు అద్దెకు తెచ్చేవారు. వాటితోపాటే మేకప్ మనిషి వచ్చేవాడు. జింకు పొడి నూనెతో కలిపి మొహానికి పట్టించి, గమ్ముతో మీసం అంటించేవాడు. కరెంటు పోతుందని పెట్రోమాక్సులు సిద్ధంగా పెట్టుకునేవాళ్ళం. తెర వెనక ప్రాంప్టింగ్ చెప్పేవాడు ముఖ్యుడు. మైకు ఒక్కటే, స్టేజీ మధ్యలో వేలాడుతుంది. డైలాగు చెప్పాలంటే నడిచి దాని కిందికి రావాలి. అందుకని ఆ కాలపు నాటకాల్లో అందరూ మధ్యలోనే చచ్చిపోతారు.

వీటన్నిటికీ ముందు సభ ఉంటుందని మర్చిపోకండి. ప్రిన్సిపాల్ వార్షిక నివేదిక ఇంగ్లీషులో చదువుతారు. ఊరు ఓపిగ్గా వింటుంది. తర్వాత బహుమతులు. రాత్రి తొమ్మిదికి మొదలవ్వాల్సిన నాటకం పదకొండుకు మొదలై, తెల్లవారుజామున అయ్యేది.

పాటల విషయంలో ఒక సూక్ష్మం ఉంది. సినిమా పాటలు స్టేజీ మీద పాడనిచ్చేవారు కాదు. కనీసం మా దగ్గర ప్రోగ్రాం లిస్టు ముందే ప్రిన్సిపాల్ చూసేవారు. రేడియోలో వచ్చే లలిత గీతాలు, దేశభక్తి గీతాలు, పద్యాలు పాడొచ్చు. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరులో వచ్చాక డెల్టా పిల్లలకి లలిత సంగీతం బాగా అలవాటైంది. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు ఘంటసాల పాడిన రికార్డు ప్రతి హోటల్లోనూ మోగేది, కాబట్టి ప్రతి కాలేజీలోనూ ఒక ఘంటసాల ఉండేవాడు. పూలు కోసినందుకు ఎంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నారో ఆ పదేళ్ళలో! సినిమా పాటలు హాస్టల్ డే నాడు, వార్డెన్ భోజనం చేసి వెళ్ళిపోయాక.

మీరు 1962 ఎంచుకున్నారు కాబట్టి ఒక విషయం తప్పించుకోలేరు. అక్టోబరు 20న చైనా దాడి. నవంబరు 21న కాల్పుల విరమణ అయ్యేదాకా, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు కాలేజీలో వేరే మాట లేదు. హోటలు రేడియో ముందు గుంపులు. రక్షణ నిధికి డబ్బాలు పట్టుకుని బజారులో తిరిగాం. ఆ ఏడాది నాటకాలు టికెట్టు పెట్టి వేసి వసూలైన డబ్బు నిధికి పంపిన కాలేజీలు చాలా ఉన్నాయి. సరిహద్దు మీద, సైనికుడి తల్లి మీద ఏకాంకికలు రాత్రికి రాత్రే పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావాటిని ఇప్పుడు చదివితే నిలబడవు, కానీ అప్పుడు జనం ఏడ్చారు. కమ్యూనిస్టు అభిమానులైన లెక్చరర్లకి, విద్యార్థులకి గడ్డు రోజులు. డెల్టాలో అలాంటివాళ్ళు తక్కువేం కాదు. మీ నవలలో సీనియర్ పాత్ర ఒకటి అటువైపుది అయితే కథకి బలం వస్తుంది. ఎన్.సి.సి. డిగ్రీ విద్యార్థులకి తప్పనిసరి అయింది మాత్రం 1963లో. మీ కుర్రాడి చేత జులై 1962లో బలవంతంగా డ్రిల్లు చేయించకండి.

మార్చిలో పరీక్ష. ఫలితాలు పేపర్లో నంబర్లుగా వస్తాయి. బస్సులో పేపరు కట్ట దిగేసరికి పాతికమంది మీద పడేవారు. ఇంగ్లీషులో తప్పిన వాళ్ళు సెప్టెంబరుకి కడతారు, కొందరు ఆ ఒక్క పేపరు దగ్గరే చదువు ఆపేసి పొలానికి వెళ్ళిపోతారు. స్టేజీ మీద దంచేసిన మా వాడు కూడా ఇంగ్లీషులో తప్పాడు. సెప్టెంబరులో గట్టెక్కాడు, తర్వాత లాయరయ్యాడు.

సమాచారం ఇంకా కావాలంటే నాలాంటి ముసలివాళ్ళ జ్ఞాపకాల కన్నా పాత కాలేజీ మ్యాగజీన్లు వెతకండి. ప్రతి కాలేజీ ఏటా ఒకటి వేసేది. ముందు ఇంగ్లీషు, తర్వాత తెలుగు, కాస్త హిందీ, వెనక అసోసియేషన్ల రిపోర్టులు, పేర్లతో గ్రూప్ ఫొటోలు. ఏ నాటకం వేశారో, ఎవరు వచ్చి మాట్లాడారో ఆ రిపోర్టుల్లో దొరుకుతుంది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక సంచికల్లో ఫిబ్రవరి, మార్చి నెలలు తిరగేస్తే జిల్లా వార్తల్లో కాలేజీ వార్షికోత్సవాలు కనిపిస్తాయి.

కథని వరంగల్లుకో, కరీంనగర్‌కో మార్చే ఆలోచన కూడా ఉందన్నారు. అలా చేస్తే పైన చెప్పినదాంట్లో సగం మార్చాలి. అక్కడ ఉస్మానియా యూనివర్సిటీ. 1948 దాకా అక్కడ పై చదువులు ఉర్దూలో జరిగాయి, కాబట్టి 1962 నాటి లెక్చరర్లలో చాలామంది ఉర్దూలో చదువుకున్నవాళ్ళే. స్టాఫ్ రూములో మాట ఉర్దూలో నడుస్తుంది, స్టేజీ మీద ముషాయిరా అనే ఉర్దూ కవి సమ్మేళనం, మిమిక్రీ కూడా ఉంటాయి. నేరెళ్ళ వేణుమాధవ్ వరంగల్లు మనిషే. చందాలతో కట్టిన కాలేజీలకన్నా సర్కారు కాలేజీలు ఎక్కువ, కాబట్టి ముందు వరసలో కమిటీ పెద్దల బదులు కలెక్టరు కూర్చుంటాడు. అక్కడి సంగతులు అక్కడ చదివినవాళ్ళని అడిగి రాయండి. నేను చెబితే కృష్ణా జిల్లా యాస పడుతుంది.